కణం ఒక వైపుకే ఎలా సాగుతుంది? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నలు కొన్ని ఇంటర్, డిగ్రీలో బోటనీ చదివే పిల్లలవి. కొన్ని సార్వాలోనో దాళ్వాలోనో చేలో కనిపించినదాన్ని పట్టుకుని రైతులు అడిగినవి. తవ్వుకుంటూ పోతే జవాబులు చాలావరకు ఒక్క చోటికే చేరతాయి కాబట్టి అన్నీ కలిపే రాశాను. వరసగా చదవక్కర్లేదు గానీ, మొదటి రెండూ చదివితే మిగతావి తేలిగ్గా ఎక్కుతాయి.

కణం పెరగడం అంటే అసలు ఏం జరుగుతుంది?

పెరుగుదలలో రెండు పనులున్నాయి. కణాలు విడిపోయి వాటి సంఖ్య పెరగడం ఒకటి, ఉన్న కణమే సైజు పెరగడం ఇంకొకటి. వారం తిరిగేసరికి మొక్క ఇంత ఎదిగిందే అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ వాటా రెండోదానిదే. వేరు కొన దగ్గర పుట్టిన చిన్న కణం కొన్ని గంటల్లోనే తన పొడవుకి ఎన్నో రెట్లు సాగిపోతుంది. అంత సరుకు ఎక్కడిదంటే, ముప్పావు వంతుకి పైగా నీళ్ళే. కణం లోపల లవణాలు, చక్కెరలు ఉంటాయి, అందుకని బయటి నీరు లోపలికి వస్తుంది. చుట్టూ ఉన్న గోడ దాన్ని ఆపుతుంది. దాంతో లోపల ఒత్తిడి పుడుతుంది. మామూలు మొక్క కణంలో ఇది వాతావరణ పీడనానికి 3 నుంచి 10 రెట్లు ఉంటుంది. మధ్యాహ్నానికి వాడిన తోటకూర కట్ట మీద నీళ్ళు చల్లితే మళ్ళీ నిలబడేది ఈ ఒత్తిడి తిరిగి రావడం వల్లే.

అసలు చిక్కు ఇక్కడే. నీటి ఒత్తిడికి దిక్కు లేదు, అన్ని వైపులకీ సమానంగా తోస్తుంది. అదొక్కటే ఉంటే ప్రతి కణమూ గుండ్రంగా ఉబ్బాలి. వరి కాండంలో కణం పొడుగ్గా ఎందుకుందో తెలియాలంటే ఒత్తిడిని వదిలేసి గోడని చూడాలి. గోడ ఎటు లొంగితే కణం అటు సాగుతుంది. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

గోడ ఒక వైపే ఎందుకు లొంగుతుంది?

ధాన్యం పురి కట్టడం చూసినవాళ్ళకి ఇది వెంటనే తడుతుంది. గడ్డి వెంటిని చుట్టూ తిప్పుతూ కడతారు. లోపలి ధాన్యం పక్కలకి ఎంత తోసినా వెంటి ఒప్పుకోదు, పురి పైకి మాత్రం లేస్తుంది. పొడవుగా సాగే కణం గోడలో సెల్యులోజ్ పోగులు అలాగే అడ్డంగా చుట్టుకుని ఉంటాయి. ఒక్కో పోగు మందం కొద్ది నానోమీటర్లే, కానీ లాగితే సాగదు. పోగుల మధ్య ఉండే పెక్టిన్ లాంటి పదార్థాలు మెత్తన. అందుకని కణం లావెక్కలేదు. పోగులు ఒకదాని నుంచి ఒకటి దూరం జరుగుతూ పొడవు పెరుగుతుంది.

మరి పోగుల్ని అడ్డంగానే పరిచేదెవరు? సెల్యులోజ్‌ని తయారుచేసే ఎంజైముల గుంపులు కణం పొరలో కదులుతూ వెనక పోగుని వదులుతూ పోతాయి. పొరకి లోపలివైపు ఆనుకుని ఉన్న సూక్ష్మనాళికలు, అంటే సన్నటి ప్రోటీన్ గొట్టాలు, వాటికి దారి చూపిస్తాయి.

ఇది తేలిన తీరు చెప్పుకోదగ్గది. నైటెల్లా అని మంచినీటి నాచు ఒకటి ఉంది. దాని రెండు కణుపుల మధ్య భాగమంతా ఒకే ఒక్క కణం, కొన్ని సెంటీమీటర్ల పొడవు. 1962లో పాల్ గ్రీన్ దానికి కాల్చిసిన్ అనే మందు ఇచ్చి చూశాడు. కణాలు పెరగడం ఆగలేదు. కానీ పొడవుగా సాగాల్సినవి గుండ్రంగా ఉబ్బాయి. కణం విడిపోయేటప్పుడు కనిపించే ప్రోటీన్ పోగుల్ని కాల్చిసిన్ చెడగొడుతుందని అప్పటికే తెలుసు. అలాంటివే గోడ పక్కన కూడా ఉండి సెల్యులోజ్‌కి దిక్కు చూపిస్తున్నాయని గ్రీన్ లెక్క కట్టాడు. మరుసటి ఏడాదే లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఆ గొట్టాల్ని సరిగ్గా గోడ పక్కనే చూశారు. సెల్యులోజ్ ఎంజైములు నాళికల వెంట నడుస్తుండగా బతికున్న కణంలో కళ్ళారా చూడటానికి మాత్రం 2006 దాకా ఆగాల్సొచ్చింది. ముందు ఊహ, ఆ తర్వాత చూపు. ఇలాంటి కథలంటే నాకు ఇష్టం. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఒక్క వాక్యంలో ముగించడం అన్యాయం అనిపిస్తుంది.

కడియం నర్సరీల్లో షెడ్డు అంచున ఉన్న మొక్కలు బయటికి వంగుతాయి. వెలుగు వాటిని లాగుతుందా?

లాగదు. వెలుగు పడని వైపు కణాలు ఎక్కువ సాగుతాయి, ఆ తోపుకి కాండం వెలుగు వైపు ఒరుగుతుంది.

1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకలతో చూసిన సంగతి ఇది. మొలక కొనకి వెలుగు తగలకుండా చిన్న టోపీ పెడితే అది వంగలేదు. కొన వదిలేసి కింది భాగాన్ని కప్పితే వంగింది. అంటే వెలుగుని గుర్తించేది కొన, వంగేది దాని కింది భాగం. రెండిటి మధ్య ఏదో కబురు నడుస్తోందన్నమాట. 1920ల్లో ఫ్రిట్స్ వెంట్ ఓట్ మొలకల కొనలు కోసి అగార్ అనే జెల్లీ ముక్క మీద ఉంచాడు. తర్వాత ఆ అగార్‌ని కొన తీసేసిన మొలక మీద ఒక పక్కకి పెడితే, మొలక చీకట్లోనే రెండో పక్కకి వంగింది. కొనలో నుంచి అగార్‌లోకి దిగిన ఆ పదార్థమే ఆక్సిన్.

ఆక్సిన్ చేరిన కణం తన గోడలోకి ఆమ్లాన్ని పంపుతుంది. ఆమ్లత పెరిగితే ఎక్స్‌పాన్సిన్ అనే ప్రోటీన్లు పనిలోకి దిగుతాయి. వీటిని 1992లో దోసకాయ మొలకల్లో కనిపెట్టారు. ఇవి పోగుల్ని కోయవు, వాటి మధ్య పట్టు సడలిస్తాయి. లోపలి ఒత్తిడి ఎలాగూ తోస్తూనే ఉంది, గోడ సడలిన చోట కణం సాగుతుంది.

వరిలో వెడల్పాకు కలుపు మీద కొట్టే 2,4-డి కూడా ఆక్సిన్‌ని పోలిన మందే. కొట్టిన రెండో రోజు కలుపు మొక్కలు మెలికలు తిరిగిపోవడం గమనించే ఉంటారు. ఏ పక్క ఎంత సాగాలో మొక్కకి అదుపు తప్పడమే ఆ మెలిక.

ఆకుమడిలో నీళ్ళు నిలిస్తే మొలక తెల్లగా పొడుగ్గా పోతుంది, వేరు మాత్రం రాదు. ఎందుకు?

గాలి అందని నీటిలో కూడా మొలకెత్తగలిగే పంటగింజలు చాలా తక్కువ. వాటిలో వరి ఒకటి. ఆక్సిజన్ లేనప్పుడు గింజకి ఉన్న కొద్దిపాటి శక్తిని వేరు మీద, ఆకు మీద పెట్టదు. మొలకని కప్పి ఉండే తొడుగు ఒక్కదాన్నే పైకి సాగదీస్తుంది. అందులో కొత్త కణాలు పెద్దగా పుట్టవు, ఉన్నవే పొడవవుతాయి. దాని కొన నీటి మట్టం దాటి గాలి అందుకుంటే, ఆ గాలి లోపలి నుంచి కిందికి దిగి అప్పుడు వేరు కదులుతుంది.

ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకుని చూడండి. తెల్లటి తొడుగు గింజ కంటే పొడవుగా ఉండి, వేరు రావాల్సిన చోట చిన్న బుడిపె మాత్రమే ఉంటే నీళ్ళు ఎక్కువైనట్టే. తీసేస్తే రెండు మూడు రోజుల్లో వేరు అందుకుంటుంది. డ్రమ్ సీడర్‌తో వేసేవాళ్ళు మొదటి వారం మడి తడిగా ఉంచాలి గానీ నీళ్ళు నిలబెట్టకూడదని అనేది ఇందుకే. వేరు లేని మొలక గాలి వీస్తే తేలిపోతుంది.

వరద నీళ్ళలో వరి మునిగితే పైకి ఎదిగే రకం మంచిదా, ఎదగని రకం మంచిదా?

వరద ఎన్నాళ్ళుంటుందన్నదాన్ని బట్టి. నెలల తరబడి లోతు నీళ్ళుండే ప్రాంతాల్లో పండే లోతునీటి వరి రోజుకి 20 నుంచి 25 సెంటీమీటర్ల దాకా సాగగలదు. మునిగిన కాండంలో ఇథిలీన్ వాయువు పేరుకుంటుంది, అది కాండాన్ని సాగదీసే హార్మోన్ జిబ్బరెల్లిన్‌ని లేపుతుంది, కణుపుల మధ్య కణాలు సాగుతాయి. ఈ పని చేయించే జన్యువులకి 2009లో స్నార్కెల్ అని పేరు పెట్టారు.

మన డెల్టాలో వరద తీరు వేరు. గోదావరికి నీళ్ళొచ్చినా, డ్రెయిన్లు పొంగినా చేను కొన్ని రోజులు మునిగి తేలుతుంది. ఆ కొన్ని రోజులూ పైకి సాగడానికి మొక్క తన పిండి పదార్థమంతా ఖర్చు పెట్టేస్తే, నీళ్ళు తీసేసరికి నీరసించి పడిపోతుంది. ఇక్కడ ఓపిక పట్టిందే బతుకుతుంది. ఒడిశాకి చెందిన ఎఫ్.ఆర్.13ఏ అనే పాత రకంలో ఆ గుణం ఉంది. దానికి కారణమైన సబ్1ఏ జన్యువు సంగతి 2006లో బయటపడింది. మునిగినప్పుడు జిబ్బరెల్లిన్ మాట చెల్లకుండా చేసి, కణాల సాగుదలని ఆపి ఉంచుతుంది.

మారుటేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029, అదే మన స్వర్ణ, ఎన్నో రాష్ట్రాలకి పాకింది. దానిలోకి ఈ జన్యువుని తెచ్చి స్వర్ణ సబ్1 తయారుచేశారు, 2009లో రైతులకి అందింది. ఇది పూర్తిగా మునిగినా రెండు వారాల దాకా తట్టుకుంటుంది. దిక్కు తెలిసి సాగడం ఎంత ముఖ్యమో, సాగకుండా ఆగడం తెలియడమూ అంతే ముఖ్యం. ఈ రెండో సంగతి క్లాసుల్లో పెద్దగా చెప్పరు.

జిబ్బరెల్లిన్ కొడితే దిగుబడి పెరుగుతుందా? షాపులో చెబుతున్నారు.

మామూలు వరికైతే నేను వద్దనే అంటాను. ఆ పదార్థం ఎక్కడ దొరికిందో చూడండి. జపాన్ వాళ్ళ వరిచేలలో కొన్ని మొక్కలు పక్కవాటి కంటే జానెడు ఎత్తు పెరిగి, పాలిపోయి, గింజ పట్టకుండా చచ్చిపోయేవి. 1926లో కురొసావా అది ఒక శిలీంధ్రం వదిలే పదార్థం పని అని చూపించాడు. 1935లో యబూతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. అంటే మొదట దొరికింది తెగులు లక్షణంగానే. తర్వాత మొక్కలు కూడా సొంతంగా దాన్ని తయారుచేసుకుంటాయని తెలిసింది.

పొడవైన కాండం ఎరువు వేస్తే పడిపోతుంది. 1966లో ఐ.ఆర్.8 అనే వరి రకం వచ్చి చేసిందల్లా కాండాన్ని పొట్టి చేయడమే. ఆ పొట్టితనానికి కారణం జిబ్బరెల్లిన్ తయారీలో ఒక మెట్టు దెబ్బతిన్న జన్యువని 2002లో తేలింది. తక్కువ జిబ్బరెల్లిన్, తక్కువ సాగుదల, గట్టి దుబ్బు. అలాంటి రకం వేసి, పైన డబ్బులు పెట్టి జిబ్బరెల్లిన్ కొట్టడం ఏ లెక్కో నాకు అర్థం కాదు. హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి సంగతి వేరు. అక్కడ ఆడ వరసలో కంకి పొట్టలో నుంచి పూర్తిగా బయటికి రాదు, అది రావడానికే కొడతారు.

పడిపోయిన చేను నాలుగు రోజులకి తల ఎత్తుతుంది. ఎలా?

కణుపుల దగ్గర. పడిన దుబ్బులో ఒక కాండం పట్టుకుని, ఆకు తొడుగు కణుపుని అంటుకునే చోట చూడండి. కాస్త ఉబ్బుగా ఉంటుంది. పడి లేచిన మొక్కలో ఆ ఉబ్బు కింది వైపు నిడివిగా, నున్నగా ఉంటుంది, పై వైపు పొట్టిగానే మిగిలిపోతుంది. నేల వైపు ఉన్న కణాలు పొడవు సాగి, కాండాన్ని ఆ చోట మడిచి పైకి లేపుతాయి. కొత్త కణాలు పుట్టవు, ఉన్నవే సాగుతాయి. ఎటు కిందో వాటికి తెలిసేది లోపలి పిండి రేణువుల వల్ల. కాండం పడగానే ఆ రేణువులు బరువుకి కొత్త అడుగు వైపు జారతాయి, దాన్ని బట్టి ఆక్సిన్ ఆ పక్కకి మళ్ళుతుంది.

పొట్ట దశలోనో ఈనగానో పడితే ఇలా కొంతవరకు కోలుకుంటుంది. గింజ గట్టిపడ్డాక పడితే ఆ కణాలు ముదిరిపోయి ఉంటాయి, గోడ ఇక లొంగదు. అప్పుడు నీళ్ళు తీసేసి, పడిన దుబ్బుల్ని నాలుగైదు కలిపి కట్టుకోవడమే.

ఈనిక మీద వాన పడితే తాలు ఎందుకు పోతుంది?

ఈ ప్రశ్నకి జవాబు ఇంకో రకం సాగుదలలో ఉంది. ఇప్పటిదాకా చెప్పిన కణాలు తమ పొడవంతా సాగేవి. పుప్పొడి గొట్టం, వేరు మీది నూగు, బూజు దారం అలా కాదు. మిగతా గోడ బిగిసిపోయి ఉంటుంది, కొన ఒక్కటే మెత్తగా ఉండి అక్కడే సాగుతాయి.

వరి పువ్వు ఉదయం ఎండ ఎక్కాక విచ్చుకుని గంట సేపు తెరిచి ఉంటుంది. ఆరు కేసరాలు బయటికి వేలాడతాయి, లోపల ఈకల్లాంటి రెండు కీలాగ్రాలుంటాయి. వాటి మీద పడ్డ పుప్పొడి రేణువు కొద్ది నిమిషాల్లోనే గొట్టం తీస్తుంది. ఆ గొట్టం సుమారు గంటలో అండం దాకా చేరాలి. ఇదంతా ఒకే కణం చేసే ప్రయాణం. గోడకి కావలసిన సరుకు చిన్న చిన్న తిత్తుల్లో కొనకి చేరుతుంటుంది. ఆక్టిన్ అనే ప్రోటీన్ తీగల వెంట వచ్చి, కొన దగ్గర పొరలో కలిసిపోతాయి. కొనలో కాల్షియం ఎక్కువ, వెనక్కి వచ్చేకొద్దీ తక్కువ. ఆ హెచ్చు ఏ పక్కకి జరిగితే గొట్టం ఆ పక్కకి తిరుగుతుంది. వెనక ఖాళీ అయిన భాగాన్ని కాలోజ్ బిరడాలతో మూసేస్తూ, కణద్రవాన్నంతా ముందుకే ఉంచుకుంటుంది. అండం దగ్గరి కణాలు వాసన వేసినట్టు ప్రోటీన్లు వదిలి గొట్టాన్ని పిలుస్తాయని జపాన్‌లోని నగోయా పరిశోధకులు 2009లో టోరేనియా అనే పూలమొక్కలో చూపించారు.

కొన అంత పల్చగా ఉండటమే దాని బలహీనత. వాన చుక్క పడితే రేణువు నీళ్ళు తాగి పగిలిపోతుంది, లేదా కొట్టుకుపోతుంది. మబ్బు పట్టి పువ్వు సరిగా విచ్చుకోకపోయినా నష్టమే. దాళ్వాలో ఈనిక ఆలస్యమైతే ఇబ్బంది వాన కాదు, ఎండ. పూత సమయంలో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి రాలడం, గొట్టం తీయడం రెండూ దెబ్బతింటాయి. దాళ్వా నాట్లు తొందరగా ముగించమని చెప్పడానికి ఒక కారణం ఇది. మిగతా కారణం కాలవలు కట్టేస్తారని, అది అందరికీ తెలిసిందే.

అగ్గితెగులు బూజు అంత గట్టి ఆకులోకి ఎలా దూరుతుంది?

ఒత్తిడితో. మంచు పడిన రాత్రి దాని బీజం ఆకు మీద చిన్న గొట్టం తీస్తుంది. గొట్టం కొన ఆగిపోయి గుండ్రటి గుళికలా మారుతుంది. ఆ గుళిక గోడకి లోపలివైపు మెలనిన్ అనే నల్ల పూత పూసుకుంటుంది. నీళ్ళు లోపలికి వస్తాయి, లోపలున్న గ్లిసరాల్ బయటికి పోదు. ఒత్తిడి వాతావరణ పీడనానికి 80 రెట్ల దాకా ఎక్కుతుంది. గుళిక అంతటా గోడ బిగుతుగా ఉండి, ఆకుని తాకే అడుగున ఒక్క చోటే వదులుగా ఉంటుంది. అక్కడి నుంచి సన్నటి మేకు ఆకులోకి దిగుతుంది.

అగ్గితెగులుకి మన రైతులు ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన ట్రైసైక్లజోల్ బూజుని నేరుగా చంపదు. మెలనిన్ తయారుకాకుండా చేస్తుంది. పూత లేని గుళికలో ఒత్తిడి నిలవదు, మేకు దిగదు. కాబట్టి ఈ మందు బూజు లోపలికి దూరకముందు ఉపయోగం. ఆకు నిండా నూలుకండె ఆకారం మచ్చలు వచ్చాక కొడితే, వచ్చిన మచ్చలకి చేసేదేమీ లేదు, కొత్తవి రాకుండా కాస్త ఆపుతుందంతే.

కొబ్బరి మాను ఏళ్ళు గడిచినా లావెక్కదు, కొమ్మ వేయదు. ఇదీ ఇలాంటిదేనా?

కొంతవరకే. మామిడి, వేప మానుల్లో బెరడు కింద పక్కలకి కణాలు పుట్టించే పొర ఉంటుంది, కొబ్బరిలో అది లేదు. పెరుగుదలంతా మొవ్వులోనే. అందుకే కొమ్ము పురుగు మొవ్వు తిన్నా, మొవ్వు కుళ్ళు వచ్చినా కోనసీమలో అంత టెన్షన్. ఆ ఒక్క కొన పోతే చెట్టు పోయినట్టే.

జంతు కణాలకి గోడ లేదు కదా, అవి ఆకారం ఎలా తెచ్చుకుంటాయి?

లోపలి చట్రంతో. ఆక్టిన్, సూక్ష్మనాళికలు అక్కడా ఉన్నాయి, కానీ గోడని నడిపించడానికి కాదు, తామే పొరని తోయడానికి, లాగడానికి. అన్నిటికంటే పొడవు సాగేవి నరాల కణాలు. మన నడుము దగ్గర వెన్నుపాము నుంచి పాదం దాకా వెళ్ళే పోగు దాదాపు మీటరు, అదీ ఒకే కణానిది. పెరిగే పోగు కొనని 1890లో రమోన్ ఈ కహాల్ మొదట వర్ణించాడు. వేళ్ళు చాపుకుంటూ వెతుక్కుంటూ పోతుందది. పుప్పొడి గొట్టం లాగే ఇదీ కొన దగ్గరే సాగుతుంది, బయటి రసాయనాలని బట్టే తిరుగుతుంది.

తిత్తుల్ని మోసే ప్రోటీన్లు మొక్కలోనైనా మనిషిలోనైనా నడిచేది ఏ.టి.పి. ఇంధనంతోనే. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో దాన్ని కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టినవాడు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. భీమవరం పిల్లలు ఈ సంగతి నన్ను అడగరు, నేనే చెబుతుంటాను.

ఇవన్నీ మైక్రోస్కోపు లేకుండా చూడొచ్చా?

కొన్ని చూడొచ్చు. తడి గుడ్డలో మినుములు మొలకెత్తించి, వేరు రెండు సెంటీమీటర్లు రాగానే కొన నుంచి పైకి మిల్లీమీటరుకి ఒకటి చొప్పున సన్నటి మార్కర్‌తో చుక్కలు పెట్టండి. తడి ఆరకుండా నిలువుగా ఉంచి మరునాడు చూడండి. కొన దగ్గరి చుక్కలు ఒకదాని నుంచి ఒకటి బాగా దూరం జరుగుతాయి, పైవి పెట్టిన చోటే ఉంటాయి. వేరు ఎక్కడ సాగుతుందో ఇంతకంటే తేలిగ్గా చూపించే పద్ధతి లేదు. ఆ మొలకనే అడ్డంగా పడుకోబెడితే పూటలోనే కొన కిందికి తిరగడం మొదలవుతుంది, వంపు సరిగ్గా చుక్కలు విడిపోయిన చోటే వస్తుంది. అదే వేరు మీద తెల్లటి నూగు కూడా కనిపిస్తుంది. ఒక్కో వెంట్రుకా ఒక్కో కణం. వేలితో తాకితే చితికిపోతుంది, అందుకని గుడ్డ మీది నుంచి లాగకుండా గుడ్డతోపాటే ఎత్తండి.

కాల్చిసిన్ ప్రయోగం ఇంట్లో చేయొచ్చా?

వద్దు. అది గౌట్‌కి డాక్టరు రాసే మందు, కొద్దిగా మోతాదు మించినా ప్రాణం మీదికి వస్తుంది. పొలం గట్ల మీద కనిపించే అగ్నిశిఖ దుంపలో, గింజల్లో ఉన్నదీ అదే. పిల్లల్ని ఆ దుంప తవ్వనివ్వకండి. కాలేజీ ల్యాబులో లెక్చరర్ ఎదురుగా, చేతులకి గ్లోవ్స్ వేసుకుని చేసే పని అది.